ఈజీఎఫ్ఆర్ జబ్బు పేరు చెప్పింది, గడువు చెప్పలేదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి యాభై ఎనిమిదేళ్లు. మాట్లాడుతుంటే పదాలు తట్టక ఆగిపోయేవారు. వయసు వల్లనేమో అనుకున్నాం. ఒకరోజు మూర్ఛ వచ్చింది. ఎమ్మారై తీస్తే మెదడులో ఎడమ కణత వైపు గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి చాలావరకు తీసేశారు. వారానికి వచ్చిన మొదటి రిపోర్టులో “ఆస్ట్రోసైటోమా, చూడటానికి గ్రేడ్ 3లా ఉంది, మాలిక్యులర్ పరీక్షలు రావాలి” అని రాశారు. ఇంకో రెండు వారాలకు వచ్చిన రెండో రిపోర్టులో “గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4” అని ఉంది. దాని కింద ఇవి ఉన్నాయి: సీక్వెన్సింగ్‌లో ఐడీహెచ్ వైల్డ్‌టైప్, ఫిష్ పరీక్షలో ఈజీఎఫ్ఆర్ ఆంప్లిఫైడ్, ఈజీఎఫ్ఆర్ వీ-త్రీ కనబడలేదు, ఎంజీఎంటీ ప్రమోటర్ మిథైలేటెడ్. రెండు వారాల్లో గ్రేడ్ ఎలా పెరిగింది? ఈజీఎఫ్ఆర్ ఉంటే ఎక్కువ కాలం బతకరని ఇంటర్నెట్‌లో చదివాను, నిజమేనా? మా మేనమామకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇదే ఈజీఎఫ్ఆర్ ఉంది. రోజుకో మాత్ర వేసుకుని మూడేళ్లుగా బాగున్నారు. నాన్నకి ఆ మాత్ర ఎందుకు ఇవ్వట్లేదు? రేడియేషన్ మొదలుపెట్టే ముందు ఇంకో ల్యాబుకి పెద్ద జీన్ టెస్టుకి పంపమంటారా? నేనూ తమ్ముడూ పరీక్ష చేయించుకోవాలా? “రిపోర్టులో ఏముంది?” అని నాన్న రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

సమాధానం: అమ్మా, రిపోర్టులో మీరు రాసిన నాలుగు ముక్కల్లో ఈజీఎఫ్ఆర్ గురించే అడిగారు. నాలుగోది, ఆ ఎంజీఎంటీ సంగతి, అడగనే లేదు. నా చేతికి ఈ రిపోర్టు వస్తే ఐడీహెచ్ చూడగానే నా కళ్లు వెళ్లేది దాని మీదికే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఈజీఎఫ్ఆర్ కాబట్టి ముందు అదే చూద్దాం.

రెండు వారాల్లో గడ్డ పెరగలేదు, మారలేదు. రెండు రిపోర్టులూ ఆపరేషన్ రోజు తీసిన ముక్క మీద రాసినవే. మొదటిది మైక్రోస్కోపులో కంటికి కనిపించింది చెప్పింది, రెండోది జన్యువుల్లో ఉన్నది చెప్పింది. పాథాలజిస్టులు చాలా ఏళ్లపాటు ఈ గడ్డలకు గ్రేడ్ 4 ఇవ్వడానికి రెండు ఆనవాళ్లు వెతికేవాళ్లం: కణాలు చచ్చిపోయి మిగిలిన మచ్చలు, అడ్డదిడ్డంగా గుత్తులుగా పెరిగిన సన్న రక్తనాళాలు. మీ నాన్నగారి ముక్కలో అవి కనబడి ఉండవు. అందుకే “గ్రేడ్ 3లా ఉంది” అని రాసి, తుది మాట చెప్పకుండా ఆగారు. ఆ ఆగడం జాగ్రత్తే కాని తప్పు కాదు.

ఎందుకు ఆగారంటే, పెద్దవాళ్లలో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు లేని (రిపోర్టులో “వైల్డ్‌టైప్” అంటే అదే) ఆస్ట్రోసైటోమాలు కొన్ని మైక్రోస్కోపు కింద నెమ్మదిగా కనిపిస్తూనే గ్లియోబ్లాస్టోమాలాగే ప్రవర్తిస్తాయని ఏళ్ల తరబడి చూశాం. వాటిని ముందే పసిగట్టే గుర్తులు మూడు తేలాయి. టెర్ట్ అనే జన్యువు ప్రమోటర్‌లో, అంటే దాన్ని నడిపే మీటలో, మార్పు ఒకటి, ఈజీఎఫ్ఆర్ ఆంప్లిఫికేషన్, అంటే ఆ జన్యువు నకళ్లు విపరీతంగా పెరగడం, ఒకటి, ఏడో క్రోమోజోము అదనంగా చేరి పదోది పోవడం ఇంకొకటి. 2018లో నిపుణుల బృందం ఈ ప్రతిపాదన పెట్టింది, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు కణితుల వర్గీకరణలో ఇది నిబంధన అయింది. మూడింట్లో ఒక్కటి ఉన్నా చాలు, పేరు గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4. అదే గడ్డ 2015లో తీసి ఉంటే మీ చేతిలో గ్రేడ్ 3 రిపోర్టు ఉండేది, జబ్బు మాత్రం ఇదే అయ్యుండేది. పెద్ద పేరు పెట్టడంలో ఒక మేలుంది: చిన్న పేరు చూసి చిన్న వైద్యంతో సరిపెట్టే ప్రమాదం తప్పింది.

ఇక్కడ ఒక సంగతి సరిచూసుకోవాలి. అది మీ రిపోర్టులో సరిగ్గానే ఉంది గాని, ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా చెబుతున్నాను. ఈజీఎఫ్ఆర్‌ని రెండు మూడు రకాలుగా కొలుస్తారు. గాజు పలక మీద ముక్కకు రంగు వేసి ప్రోటీన్ ఎంత ఉందో చూడటం ఒక పద్ధతి, దాన్ని ఐహెచ్‌సీ అంటారు. ఒకటి, రెండు, మూడు ప్లస్ అని రాస్తారు. జన్యువు ఎన్ని నకళ్లు ఉందో కణం లోపలే మెరిసే చుక్కలుగా లెక్కపెట్టడం ఇంకో పద్ధతి, అది ఫిష్. ఇవి కాక సీక్వెన్సింగ్‌లోనూ నకళ్ల సంఖ్య పట్టుకోవచ్చు. ప్రోటీన్ ఎక్కువున్నంత మాత్రాన జన్యువు నకళ్లు పెరిగాయని కాదు. ఏడో క్రోమోజోము ఒకటో రెండో అదనంగా ఉంటే ఈజీఎఫ్ఆర్ చుక్కలూ ఆ మేరకు పెరుగుతాయి, దాన్నీ ఆంప్లిఫికేషన్ అనరు. గ్రేడ్ పెంచడానికి పనికొచ్చేది పదులకొద్దీ నకళ్లు పేరుకుపోయిన ఆంప్లిఫికేషన్ మాత్రమే. రంగు పరీక్ష ఒక్కటే చేసి “ఈజీఎఫ్ఆర్ పాజిటివ్, కాబట్టి గ్రేడ్ 4” అని రాసిన కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే, ఫిష్ గాని సీక్వెన్సింగ్ గాని చేశారా అని అడగాలి. మీకు ఫిష్ చేశారు. ఆ చింత లేదు.

ఇంతకీ ఇది ఏం చేస్తుంది? ఈజీఎఫ్ఆర్ ఒక గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్. ఈ రిసెప్టర్లంటే కణానికి చెవులనుకోండి. కణం పై పొరలో అడ్డంగా గుచ్చుకుని ఉంటాయి, సగం బయటికి, సగం లోపలికి. “పెరుగు” అనే మాట బయట వినబడితే లోపలికి చేరవేస్తాయి. ఆ మాటను మొదట పట్టుకున్న వాళ్లలో స్టాన్లీ కోహెన్ ఒకరు. ఎలుకల లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటి కళ్లు వేళకు ముందే తెరుచుకున్నాయి, పళ్లు ముందే వచ్చాయి. ఆ రసంలోని పదార్థమే ఈజీఎఫ్, దాన్ని వినే చెవి ఈజీఎఫ్ఆర్. 1986లో ఆయనకు రీటా లెవీ-మోంటాల్చినీతో కలిపి నోబెల్ వచ్చింది. అంతకు ముందు ఏడాదే, 1985లో, గ్లియోబ్లాస్టోమాల్లో ఈ జన్యువు నకళ్లు పెరిగి ఉన్నాయని బయటపడింది. గ్లియోబ్లాస్టోమా ఉన్న పెద్దవాళ్లలో సుమారు నలభై శాతానికి పైగా ఇది ఉంటుంది. అంటే మీ నాన్నగారిది అరుదైన చెడు రకం కాదు. ఈ జబ్బుకు మామూలుగా ఉండే ముఖాల్లో ఇదొకటి.

మనం శ్రద్ధగా వింటే ఒళ్లంతా చెవులు చేసుకున్నామంటాం. ఆంప్లిఫికేషన్ ఉన్న కణం నిజంగానే ఆ పని చేస్తుంది, ఒళ్లంతా చెవులే. చిన్న గుసగుస చాలు, దానికి కేకలా వినిపిస్తుంది. మీ రిపోర్టులో “కనబడలేదు” అన్న వీ-త్రీ ఇంకో రకం. ఆ జన్యువులో రెండు నుంచి ఏడు దాకా ఎక్సాన్లు అనే ముక్కలు తెగిపోయి, చెవి బయటి భాగంలో 267 అమైనో ఆమ్లాల ముక్క పోతుంది. బయటి చెవి తెగినా అది మూగబోదు. ఎవరూ పిలవకపోయినా పిలిచినట్టే లోపలికి కబురు పంపుతూ ఉంటుంది. కోళ్లకు రక్త క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్‌లో ఇలాగే బయటి భాగం తెగిన ఈజీఎఫ్ఆర్ ఉందని 1984లో కనిపెట్టారు. ప్రకృతి ఒకే దొంగదారిని రెండుసార్లు వాడుకుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఈజీఎఫ్ఆర్ ఉంటే ఎక్కువ కాలం బతకరా?

దీనికి రెండు జవాబులున్నాయి, రెండూ నిజమే, అందుకే ఇంటర్నెట్‌లో చదివిన వాళ్లకు బుర్ర తిరిగిపోతుంది. మైక్రోస్కోపులో గ్రేడ్ 2, 3లా కనిపించే గడ్డల గుంపులో చూస్తే, ఈజీఎఫ్ఆర్ ఆంప్లిఫికేషన్ ఉన్నవి లేనివాటికన్నా వేగంగా ముదురుతాయి. అక్కడ అది గట్టి చెడు గుర్తు. మీ నాన్నగారి జబ్బుకు పేరు మార్చింది ఆ జ్ఞానమే. కాని ఒకసారి పేరు గ్లియోబ్లాస్టోమా అయ్యాక, ఆ గుంపు లోపల ఈజీఎఫ్ఆర్ ఉన్నవాళ్లను, లేనివాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నిలకడగా కనబడదు. ఒక అధ్యయనంలో చెడు, ఇంకో దాంట్లో ఏమీ లేదు, మరో దాంట్లో మంచి! 2001లోనే రెండు అధ్యయనాలు వచ్చాయి. ఒకదాంట్లో అరవై దాటిన వాళ్లలో ఆంప్లిఫికేషన్ ఉన్నవాళ్లే ఎక్కువ కాలం ఉన్నట్టు తేలింది. మరోదాంట్లో వయసు తక్కువై, పీ53 జన్యువు మామూలుగా ఉన్నవాళ్లలో ఈజీఎఫ్ఆర్ ఎక్కువగా ఉంటే ఫలితం అధ్వానంగా ఉంది. వీ-త్రీ మీదా ఇలాగే కలగాపులగం.

ఈ గందరగోళంలో కొంతకు కారణం ఇప్పుడు తెలుసు. ఐడీహెచ్ మార్పు సంగతి 2008లో గాని బయటికి రాలేదు. ఆ మార్పు ఉన్న గడ్డలు నెమ్మదైనవి, వాటిలో ఈజీఎఫ్ఆర్ ఆంప్లిఫికేషన్ దాదాపు ఉండదు. పాత అధ్యయనాల్లో రెండు రకాలనూ ఒకే బుట్టలో వేసి లెక్కపెట్టారు. అప్పుడు ఈజీఎఫ్ఆర్ ఉందంటే పరోక్షంగా “ఐడీహెచ్ మార్పు లేదు” అని చెప్పినట్టే. నింద దీని మీద పడింది, తేడా అసలు వచ్చింది అక్కడ. మీరు చదివిన “ఎక్కువ కాలం బతకరు” అన్న వాక్యం ఆ రోజులదో, లేక చిన్న గ్రేడు గడ్డల గురించిందో అయి ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో ఈజీఎఫ్ఆర్ చెప్పాల్సింది ఆయన జబ్బు పేరుతోనే చెప్పేసింది. దాన్ని మళ్లీ రెండోసారి లెక్కలో వేసి గుండె బరువు చేసుకోవద్దు.

ఒక చిన్న పక్కదారి. గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్ అనగానే విలన్ అనుకోవక్కర్లేదు. పిల్లల మెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమాలో ట్రక్-సీ అనే రిసెప్టర్ ఎక్కువగా ఉన్న పిల్లలు బాగా కోలుకుంటారని 1994లోనే చూశారు. అదే గడ్డలో ఎర్బ్-బీ2 ఎక్కువుంటే ఫలితం బాగోదని తేలింది. ఇప్పుడు ఆ జబ్బును నాలుగు మాలిక్యులర్ గుంపులుగా చూస్తున్నాం, ఆ రెండు రిసెప్టర్లను విడిగా కొలిచి భవిష్యత్తు చెప్పే పని దాదాపు పోయింది. రిసెప్టర్ చాలాసార్లు జబ్బు ఏ వంశానిదో చెప్పే ఇంటిపేరులాంటిది. ఇంటిపేరు చూసి మనిషి జాతకం చెప్పలేం.

ఇక ఎంజీఎంటీ. గ్లియోబ్లాస్టోమాకి ఇచ్చే కీమో మందు టెమోజోలమైడ్. అది క్యాన్సర్ కణం డీఎన్ఏ మీద చిన్న రసాయన ముడి వేసి దాన్ని చంపుతుంది. ఎంజీఎంటీ ఆ ముడిని విప్పేసే మరమ్మతు ప్రోటీన్. ప్రమోటర్ మిథైలేటెడ్ అంటే ఆ మేస్త్రీ గదికి తాళం పడిందని. మరమ్మతు జరగదు, మందు వేసిన దెబ్బ నిలుస్తుంది. అంటే ఇది రెండు పనులు చేసే గుర్తు: జబ్బు ఎలా నడుస్తుందో కొంత చెబుతుంది, ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. ఈజీఎఫ్ఆర్‌కి ఈ రెండో గుణం ఇప్పటిదాకా అబ్బలేదు. మీ నాన్నగారికి తాళం పడింది. ఆ కాగితంలో ఉన్న మంచి వార్త అదే, మీరు దాటేసి వెళ్లిపోయారు.

అంకెలు వద్దనుకుంటే ఈ ఒక్క పేరా వదిలేయండి, నేనేమీ అనుకోను. 2005లో వచ్చిన ట్రయల్‌లో 573 మంది ఉన్నారు. రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన వాళ్లలో మీడియన్ ఆయుష్షు 12.1 నెలలు, టెమోజోలమైడ్ కలిపిన వాళ్లలో 14.6 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు మొదటి గుంపులో నూటికి 10.4, రెండో గుంపులో 26.5. ఆ రెండో గుంపులోనే ఎంజీఎంటీ మిథైలేటెడ్ ఉన్నవాళ్లను విడిగా చూస్తే మీడియన్ 21.7 నెలలు, నూటికి 46 మంది రెండేళ్లు దాటారు. మీడియన్ అంటే గడువు కాదు. అందరినీ వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచిన మనిషి లెక్క అది. సగం మంది అతని కంటే ఎక్కువ కాలం ఉంటారు, అందులో కొందరు చాలా ఎక్కువ. ఐదేళ్లకు లెక్కేస్తే మందు కలిపిన గుంపులో నూటికి పదిమందికి దగ్గరగా, 9.8 మంది, ఉన్నారు. ఒక మెలిక కూడా చెప్పాలి: అప్పటికి ఐడీహెచ్ తెలియదు కాబట్టి ఆ 573 మందిలో కొందరి గడ్డలకు ఇవాళ వేరే పేరు పెడతాం. ఎవరికైనా సరే, వయసు, గడ్డ ఎంత తీయగలిగారు, మనిషి తన పనులు తాను ఎంత చేసుకోగలుగుతున్నాడు అన్నవి ఈజీఎఫ్ఆర్ కంటే ఎక్కువ చెబుతాయి. మీ నాన్నగారికి అరవై దాటలేదు, గడ్డ చాలావరకు తీశారు, “రిపోర్టులో ఏముంది” అని రోజూ అడిగేంత చురుగ్గా ఉన్నారు. ఇవి ఓదార్పు మాటలు కావు, లెక్కలోకి వచ్చే సంగతులు.

మీ మేనమామ మాత్ర గురించి. ఈ ప్రశ్న నన్ను అడగని కుటుంబం తక్కువ, మీరు అడగడంలో అమాయకత్వం ఏమీ లేదు. ఎన్నో ఏళ్లు పెద్ద పెద్ద పరిశోధకులు కూడా సరిగ్గా ఇదే ఆలోచనతో ముందుకెళ్లి దెబ్బతిన్నారు. పేరు ఒక్కటే గాని చెడిన చోటు వేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో లోపం చెవి లోపలి భాగంలో ఉంటుంది, ఎక్సాన్ 19లోనో 21లోనో. మాత్ర వెళ్లి కూర్చునేది సరిగ్గా అక్కడే, పైగా ఆ లోపమే మాత్రకు మరింత పట్టు ఇస్తుంది. మెదడు గడ్డల్లో లోపాలు ఉంటే అవి చాలావరకు చెవి బయటి భాగంలో ఉంటాయి, లేదా లోపమేమీ లేకుండా నకళ్లే పెరుగుతాయి. దాంతో లోపలి భాగం ఆకారం ఇంకోలా ఉంటుంది, ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ లాంటి మాత్రలు అక్కడ అంతగా అతుక్కోవు. రెండింటినీ గ్లియోబ్లాస్టోమాలో పరీక్షించారు, ఆయుష్షు పెరగలేదు.

మెదడు చుట్టూ ఉన్న రక్తపు కంచె మందుల్ని లోపలికి రానివ్వదని మీరు విని ఉంటారు. అది నిజమే గాని కథ మొత్తం అది కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకినప్పుడు ఒసిమెర్టినిబ్ అనే మాత్ర మెదడులోకి చేరి బాగానే పనిచేస్తుంది. కాబట్టి అడ్డం కంచె ఒక్కటే కాదు.

పెద్ద అడ్డం ఇంకొకటుంది, నాకు ఈ జబ్బు మీద కోపమూ ఒక రకమైన విస్మయమూ కలిగించేది అదే. గ్లియోబ్లాస్టోమాలో ఆ అదనపు ఈజీఎఫ్ఆర్ నకళ్లు తరచుగా క్రోమోజోముల మీద ఉండవు. వాటికి బయట, చిన్న చిన్న డీఎన్ఏ వలయాలుగా తేలుతుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములు సమానంగా పంచబడతాయి, ఈ వలయాలకు ఆ లెక్క లేదు. ఒక కూతురు కణానికి వంద, ఇంకోదానికి ఐదు పోవచ్చు. అందుకని ఒకే గడ్డలో చెవులు నిండిన కణాలూ చెవులు లేని కణాలూ కలిసి ఉంటాయి. కొన్ని గడ్డల్లోనైతే ఒక కణంలో ఈజీఎఫ్ఆర్, పక్క కణంలో పీడీజీఎఫ్ఆర్-ఆల్ఫా, దాని పక్కదాంట్లో మెట్ అనే రిసెప్టర్ పెరిగి కనిపించాయి. ఒక చెవి మూస్తే ఇంకో చెవితో వింటుంది. ఎర్లోటినిబ్ ఇచ్చినప్పుడు కణాలు ఆ వలయాల్ని దాచేసి, మందు ఆపగానే మళ్లీ బయటికి తెచ్చుకున్నట్టు 2014లో ప్రయోగాల్లో చూశారు.

వీ-త్రీ మీద టీకా కూడా తయారైంది, పేరు రిండోపెపిమట్. తొలి దశల్లో ఆశలు చిగురించాయి. 745 మందిని చేర్చుకున్న చివరి దశ ట్రయల్‌ను 2016లో ఆపేశారు, మరుసటి ఏడాది ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ తర్వాత గడ్డ దాదాపు మిగలని వాళ్లలో టీకా తీసుకున్నవారి మీడియన్ 20.1 నెలలు, తీసుకోనివారిది 20.0. ఇంకా వింత ఏమిటంటే, జబ్బు తిరగబెట్టినప్పుడు తీసిన ముక్కల్లో చాలామందికి వీ-త్రీ మాయమైంది. టీకా వేసుకోనివాళ్లలోనూ అంతే. గుర్తు తనంతట తానే చెరిగిపోతోందన్నమాట. ఈజీఎఫ్ఆర్‌ని పట్టుకుని విషాన్ని మోసుకెళ్లే డెపాటక్సిజుమాబ్ మఫోడోటిన్ మందు పెద్ద ట్రయల్ కూడా లాభం లేదని 2019లో ఆగింది. ఈజీఎఫ్ఆర్‌కి అడ్డుపడే నిమోటుజుమాబ్ అనే మందు ఇస్తామని ఎవరైనా చెబితే, చివరి దశ ట్రయల్‌లో దానివల్ల ఆయుష్షు పెరిగినట్టు తేలలేదని గుర్తుపెట్టుకుని, “మా నాన్నకి దీనివల్ల ఏం ఆశిస్తున్నారు?” అని అడగండి. మేనమామ డబ్బాలోంచి మాత్ర తీసి నాన్నకి ఇవ్వాలన్న ఆలోచన వచ్చి ఉంటే దయచేసి ఆ పని చేయకండి. విరేచనాలు, ఒంటి మీద పొక్కులు వచ్చి పనిచేసే మందు ఆపాల్సి వస్తే అదే అసలు నష్టం.

కొత్త దారులు మూసుకుపోలేదు. రోగి టీ కణాలకే ఈజీఎఫ్ఆర్‌ని పట్టుకోవడం నేర్పి నేరుగా మెదడు ద్రవంలోకి ఎక్కించే కార్-టీ పద్ధతిలో 2024లో ముగ్గురి ఫలితాలు వచ్చాయి. గడ్డలు రోజుల్లోనే కుదించుకుపోయాయి, కాని ఎక్కువగా అది నిలవలేదు. చూడదగ్గ పని, ఇంకా వైద్యం కాలేదు.

పెద్ద జీన్ టెస్టు. రేడియేషన్‌ని దానికోసం ఆపకండి. ఆపరేషన్ గాయం మానాక, మామూలుగా మూడు నుంచి ఆరు వారాల్లోపు మొదలుపెట్టేస్తారు. మీకు ఇప్పటికే మూడు వారాలు దాటాయి. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 30 విడతల్లో 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ క్యాప్సూల్. ఆ తర్వాత 28 రోజులకోసారి ఐదు రోజులు మందు, అలా ఆరు సార్లు. ఏ జీన్ టెస్టు ఫలితం వచ్చినా ఈ మొదటి అంకం మారదు.

అయినా టెస్టు దండగ అని అనను. వెతకదగ్గవి కొన్నే ఉన్నాయి: ఎఫ్‌జీఎఫ్ఆర్3, టాక్3 అనే రెండు జన్యువులు అతుక్కుపోయిన ఫ్యూజన్, ఎన్‌ట్రక్ ఫ్యూజన్లు, బీరాఫ్ వీ600ఈ మార్పు. ఎఫ్‌జీఎఫ్ఆర్3, ఎన్‌ట్రక్ రెండూ గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్లే. మూడూ అరుదే, ఎఫ్‌జీఎఫ్ఆర్3 ఫ్యూజన్ నూటికి మూడు గ్లియోబ్లాస్టోమాల్లో ఉంటుంది. కాని దొరికితే వాటికి తగిన మాత్రలున్నాయి, ఈజీఎఫ్ఆర్ లాంటి వట్టి పేరు కాదు. ఐడీహెచ్‌కి సీక్వెన్సింగ్ చేశామన్నారు కదా, అదే ప్యానెల్‌లో ఇవీ ఉండి ఉండొచ్చు. ఇంకో ల్యాబుకు డబ్బు కట్టే ముందు ఇప్పుడున్న రిపోర్టు చివరి పేజీలో “పరీక్షించిన జన్యువులు” అన్న జాబితా చదవండి. రక్తంతోనే అన్నీ చెప్పేస్తామనే పరీక్షలు మెదడు గడ్డల్లో అంత నమ్మకంగా పనిచేయవు, గడ్డ డీఎన్ఏ రక్తంలోకి చాలా తక్కువగా వస్తుంది. టెస్టు ఏదైనా ముక్క మీదే చేయించండి. పారాఫిన్ బ్లాకు, అంటే ముక్కను దాచిన మైనపు దిమ్మ, ఎక్కడుందో, ఎంత మిగిలిందో పాథాలజీ విభాగంలో అడిగి రాసి పెట్టుకోండి.

మీకూ తమ్ముడికీ పరీక్ష అక్కర్లేదు. ఈజీఎఫ్ఆర్ నకళ్లు పెరిగింది గడ్డ కణాల్లోనే, ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, మీకు ఇచ్చేదీ కాదు. మేనమామ జబ్బుకూ దీనికీ చుట్టరికం లేదు. ఆయన మీ అమ్మగారి వైపు మనిషి కదా!

నాన్నగారికి ఏం చెప్పాలి? చెప్పాలి. రోజూ అడిగే మనిషికి రోజూ మాట దాటవేస్తే, రిపోర్టులో ఉన్నదానికంటే పెద్దదేదో ఉందని ఆయన ఊహించుకుంటారు. అంకెలు మీరు చెప్పొద్దు, ఆయన అడిగితే డాక్టరు నోటితోనే చెప్పించండి. మీరు చెప్పగలిగింది ఇది: “గడ్డ చెడ్డ రకందే నాన్నా, మళ్లీ రావచ్చు, అందుకే రేడియేషనూ మందూ ఇస్తున్నారు. ఆ మందు మీ గడ్డ మీద పనిచేసే అవకాశం ఎక్కువని పరీక్షలో వచ్చింది.” ఇందులో ఒక్క అబద్ధం లేదు. మాటలు తడబడే మనిషి కాబట్టి నిదానంగా, ఒకేసారి ఒక్క సంగతి చెప్పండి. ఆయన తనంతట తాను నిర్ణయించుకోవాల్సిన లెక్కలు, సంతకాలు ఏవైనా ఉంటే మాట ఈమాత్రమైనా బాగున్న ఈ రోజుల్లోనే ఆయన్నే నిర్ణయించుకోనివ్వండి. మూర్ఛ వచ్చింది కాబట్టి బండి నడపడం మాత్రం డాక్టరు సరేననేదాకా కుదరదు, ఎంత కోప్పడినా సరే.

చివరగా మూడు నెలల తర్వాతి సంగతి ఒకటి ఇప్పుడే చెప్పి పెడతాను. రేడియేషన్ అయ్యాక తీసే మొదటి ఎమ్మారైలో గడ్డ ఉన్న చోటు పెద్దదైనట్టు, ఎక్కువ మెరుస్తున్నట్టు కనబడొచ్చు. జబ్బు పెరగకపోయినా వైద్యం దెబ్బకు వచ్చిన వాపుతో అలా కనిపిస్తుంది, దాన్ని సూడోప్రోగ్రెషన్ అంటాం. ఎంజీఎంటీ మిథైలేటెడ్ ఉన్నవాళ్లలోనే ఇది ఎక్కువ. ఆ రిపోర్టు చేతికి రాగానే మళ్లీ ఇంటర్నెట్ తెరవకుండా, “ఇది నిజంగా పెరగడమా, సూడోప్రోగ్రెషనా, ఎన్ని వారాలకు మళ్లీ స్కాన్ తీద్దాం?” అని ముందు మీ డాక్టర్ని అడగండి. నిజంగానే తిరగబెట్టి మళ్లీ ఆపరేషన్ చేస్తే, ఈజీఎఫ్ఆర్ అయినా ఇంకేదైనా, పాత రిపోర్టు మీద ఆధారపడకుండా కొత్త ముక్క మీద మళ్లీ చూడమనండి.